హైదరాబాద్ వనస్థలిపురం ఖాళీ ప్లాటులో ఉమ్మడి కూరతోట: మడి తీసుకోవచ్చా?

ఐదుకు నాలుగు మార్కులు. తీసుకోవచ్చు. అయితే ఏం పండించాలి, ఎండాకాలం నీళ్ళు పోయడానికి ఎవరు వెళ్ళాలి అన్నవి ఇంట్లో ముందే మాట్లాడుకుని తీసుకోండి. ఈ రెండూ తేల్చుకోని ఇళ్ళవాళ్ళే మధ్యలో మానేశారు.

నేను కాలనీ చివర కర్రీ పాయింట్ నడుపుతాను. రోజూ ఉదయం పదిన్నరకల్లా పప్పు, రెండు వేపుళ్ళు, ఒక పులుసు, ఒక రోటి పచ్చడి సిద్ధంగా ఉండాలి. కూర చేతిలోకి తీసుకుంటే నిన్న కోశారో మొన్న కోశారో చెప్పగలను. కాబట్టి ఈ తోట గురించి రాసేటప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది రుచి. తర్వాతే మిగతా విషయాలు. చాలామంది తోటను చూసి పచ్చగా ఉందనో, పిల్లలకు బాగుంటుందనో చేరతారు. అవి నిజమే. కానీ నెల తిరిగేసరికి ఇంటికి వచ్చే కూర బాగుంటేనే మనిషి మళ్ళీ బిందె పట్టుకుని బయలుదేరుతాడు.

తోట ఉన్నది 300 గజాల ప్లాటులో. యజమానులు అమెరికాలో ఉంటారు. ఇంతకుముందు అక్కడ సర్కారు తుమ్మ పెరిగి ఉండేది. చుట్టుపక్కల ఇళ్ళు కట్టినవాళ్ళు పారబోసిన కంకర, పగిలిన టైల్సు, రాత్రిళ్ళు విసిరేసి పోయిన చెత్త సంచులు, వాటి కోసం వచ్చే కుక్కలు. కాలనీ సంఘం వాళ్ళు యజమానులతో మాట్లాడి కాగితం రాయించుకున్నారు. ఏటా దాన్ని తిరగరాసుకుంటారు. షరతులు మూడు. సిమెంటుతో ఏదీ కట్టకూడదు. పెద్దగా పెరిగే చెట్టు నాటకూడదు. ఇల్లు మొదలుపెడుతున్నామని యజమాని చెబితే మూడు నెలల్లో ఖాళీ చేయాలి. తోట రూపమంతా ఈ షరతుల్లోంచే వచ్చింది. మామిడి, జామ, కొబ్బరి లేవు. మడుల చుట్టూ ఇటుకలను సిమెంటు లేకుండా పేర్చారు. పందిరి గొట్టాలు ఊడదీసి మరో చోట పాతుకునేవి. ఇది ఎప్పటికీ ఉండే తోట కాదని చేరేటప్పుడే తెలుసుకోండి. అయినా కాగితం ఉంది కాబట్టి నాకు ధైర్యం. వేరే కాలనీల్లో పార్కులో ఒక మూల తవ్వుకుందామని చూస్తున్నారు. పార్కు స్థలం లేఅవుటులో అందరి కోసం వదిలిన జాగా. కార్పొరేషన్ అనుమతి లేకుండా అందులో మడులు కట్టుకుంటే రేపు ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు, పంట మధ్యలో పీకేయాల్సి వస్తుంది.

పై వీధి మాస్టారి అమ్మాయి ఇంగ్లండులో చదువుకుంటోంది. అక్కడి ఊళ్ళలో కూరలు పండించుకోవడానికి కుటుంబానికో మడి అద్దెకిస్తారని ఆ అమ్మాయే చెప్పింది. దానికి 1908 నుంచి చట్టం ఉంది, అడిగేవాళ్ళుంటే స్థలం చూపించే బాధ్యత స్థానిక సంస్థలది. పాత లెక్క ప్రకారం ఒక మడి 10 రాడ్లు. మన కొలతలో 302 గజాలు. మా ప్లాటు మొత్తం అక్కడ ఒక్క ఇంటికి ఇచ్చే మడి అన్నమాట! ఇక్కడ అదే జాగాలో ఇరవై రెండు ఇళ్ళు పండించుకుంటున్నాయి.

మడి వెడల్పు నాలుగడుగులు, పొడవు పది అడుగులు. వెడల్పు అంతకు మించితే ఇటు నుంచి కొంత, అటు నుంచి కొంత చెయ్యి చాపినా మధ్యలోకి అందదు, మట్టిలోకి అడుగు పెట్టాల్సి వస్తుంది. తొక్కిన మట్టి గట్టిపడుతుంది. ఈ కొలత పెట్టినవాళ్ళకు పని తెలుసు. మడులు నేల నుంచి అడుగు ఎత్తులో ఉంటాయి. ఎందుకంటే కింద ఉన్నది మట్టి కాదు, కట్టడాల శిథిలాలు. సిమెంటు, సున్నం కలిసిన నేలలో క్షారం పెరిగి మొక్కకు ఇనుపధాతువు అందదు, లేత ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. అందుకే పైన ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపారు. ఈ ఖర్చు కోసమే చేరేటప్పుడు 1,500 రూపాయలు తీసుకుంటారు. ఎక్కువేమీ కాదు.

నలభై చదరపు అడుగుల్లో ఏం వేసుకోవాలన్న దాని మీద నా అభిప్రాయం గట్టిది. ఆకుకూరలు వేసుకోండి. బజారులో మనకు అన్నిటికంటే దెబ్బతిని చేరేవి ఆకుకూరలే. ఎక్కడో కోసి, కట్ట కట్టి, నీళ్ళు చల్లి, బస్తాలో కుక్కి, ఆటోలో వేసి, మళ్ళీ నీళ్ళు చల్లి అమ్ముతారు. కట్ట విప్పితే మధ్యలో ఆకు నల్లబడి జిగురుగా ఉంటుంది. చుక్కకూర అయితే సాయంత్రానికే వడలిపోతుంది. ఇంటి పక్క మడిలో కోసిన చుక్కకూర పప్పులో వేసి చూడండి. చింతపండు అక్కర్లేదు. మెంతికూర కోసిన గంటలో వేయిస్తే వాసన గుమ్మం దాకా వస్తుంది. తోటకూర విత్తిన నెల లోపే కోతకు వస్తుంది. మెంతికూర ఇంకా ముందే. కొసలు తుంచుకుంటూ పోతే గోంగూర రెండు మూడు నెలలు చిగుళ్ళు ఇస్తూనే ఉంటుంది. మడిని నాలుగు భాగాలు చేసి, వారం వారం తప్పించి విత్తుకుంటే నలుగురున్న ఇంటికి వారంలో మూడు రోజులు ఆకుకూర సరిపోతుంది. ఒకేరోజు మడంతా పాలకూర చల్లినవాళ్ళు ఒక వారం ఇరుగుపొరుగుకు పంచి, తర్వాత నెలంతా ఖాళీ మట్టి చూసుకున్నారు.

ఉల్లి, బంగాళాదుంప గురించి ఆలోచించవద్దు. టమాటా కూడా వద్దంటాను. 2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటినప్పుడు తోటలో సగం మడుల్లో టమాటా నారు పడింది. నారు నాటిన రెండు నెలలకు గానీ కాయ పండదు. ఆ కాయలు ఎర్రబడేసరికి సెప్టెంబరు వచ్చింది, బజారులో ధర పడిపోయింది. పైగా తెల్లదోమ వచ్చి ఆకుముడత తెచ్చింది. టమాటా రైతు పంట. అంత విస్తీర్ణంలో పండించి, అంత దూరం నుంచి తెచ్చి అమ్మే మనిషి దగ్గర కొనుక్కోవడమే న్యాయం. మా దుకాణానికి కావలసిన టమాటా, ఉల్లి, వంకాయ అన్నీ నేను వనస్థలిపురం రైతుబజారులోనే కొంటాను. రైతుబజార్లు 1999లో మొదలైనప్పటి నుంచి మధ్య దళారి లేకుండా రైతు ముఖం చూసి కొనే వీలు ఈ ఊరికి కలిగింది. కాలనీ తోట దానికి పోటీ కాకూడదని నా ఉద్దేశం.

సొంత మడులు కాక ప్రహరీ పొడవునా ఉమ్మడి పందిరి ఉంది. బీర, సొర, కాకర, దొండ, చిక్కుడు అక్కడ పాకుతాయి. తోటలో నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పందిరే. తీగజాతికి నేల తక్కువ చాలు, పైన చోటు కావాలి. ఎవరి మడిలో వాళ్ళు పందిరి వేసుకుంటే పక్క మడికి ఎండ తగలదు, గొడవలు మొదలవుతాయి. అందరి తీగలనూ ఒక అంచుకు చేర్చడంతో ఆ చిక్కు లేకుండా పోయింది. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆ వేళకు మా దగ్గర తేనెటీగలు పెద్దగా కనిపించవు. అందుకని స్కూలు నుంచి వచ్చిన పిల్లలు మగపువ్వు కోసి, కింద చిన్న పిందె ఉన్న ఆడపువ్వుకు అద్దుతారు. ఏ పువ్వు ఏదో మా సందులో ఆరో తరగతి పిల్లలందరికీ తెలుసు. గుమ్మడిపువ్వు మాత్రం తెల్లవారుజామున విచ్చుకుంటుంది, దానికి పెద్దవాళ్ళు వెళ్ళాలి.

పందిరి చిక్కుడు గురించి కొత్తవాళ్ళకు తప్పకుండా చెప్పాలి. జూన్‌లో విత్తితే తీగ ఆగస్టుకల్లా పందిరంతా అల్లుకుంటుంది, ఒక్క పువ్వు కనపడదు. పగటి పొద్దు తగ్గితే తప్ప అది పూయదు. ఓపిక లేనివాళ్ళు గొడ్డుతీగ అని కోసి పారేయబోతారు. అలా ఒకాయన కత్తి పట్టుకుని వస్తే వాచ్‌మన్ భార్య అడ్డుపడింది. "దసరా వెళ్ళేదాకా దాన్ని కదిలించకండి సార్. పండక్కి మీరే వచ్చి కోసుకుపోతారు" అంది. సంక్రాంతికి ప్రతి ఇంట్లో చిక్కుడుకాయ వండారు. నేను నువ్వులపొడి వేసి చేస్తాను, లేతకాయకు అంతకు మించిన తోడు లేదు.

ఈ తోటకు ఐదుకు నాలుగు వచ్చాయంటే అందులో కనీసం ఒకటిన్నర ఆమెవి. వాళ్ళది నాగర్‌కర్నూల్ వైపు పల్లె. రెండెకరాలు ఉన్నా నీళ్ళు లేక భార్యాభర్తలు పట్నం వచ్చారు. సంఘంలో చదువుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ఫోనులో వీడియోలు చూసి వస్తారు. ఏ మొక్కకు ఏమైందో ఆకు తిరగేసి చూసి చెప్పేది మాత్రం ఆమె ఒక్కతే. మొదట్లో ఆమెను నీళ్ళు పోయడానికి, కలుపు తీయడానికి పిలిచేవారు, నెలకింత ఇచ్చేవారు. ఇప్పుడు ఆమె పేరు మీద ఒక మడి ఉంది. చందా లేదు, సంఘం ఇచ్చే జీతం అలాగే ఉంది. ఈ నిర్ణయం తీసుకున్నందుకు సంఘాన్ని మనసారా మెచ్చుకుంటున్నాను. మిగతా కాలనీలవాళ్ళు ఇక్కడి నుంచి ఒక్కటే నేర్చుకోవాలనుకుంటే ఇది నేర్చుకోండి. మన అపార్ట్‌మెంట్ల కింది గదుల్లో, గేట్ల దగ్గర వ్యవసాయం తెలిసినవాళ్ళు ఎంతమంది ఉన్నారో చూడండి. వాళ్ళను కూలికి పిలవడం వేరు, మడి ఇచ్చి పక్కన నిలబెట్టుకోవడం వేరు.

వానలు పడగానే మడుల్లో గంగవాయిలి కూర తనంతట తానే మొలుస్తుంది. కలుపనుకుని పీకి దారిలో పడేస్తుంటే ఆమె ఏరుకుని వెళ్ళేది. నేను అడిగి తీసుకుని పెసరపప్పుతో వండాను. పుల్లగా, మెత్తగా, ఎంతో బాగుంది. ఇప్పుడు ఎవరూ పారేయరు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా రైతులు విత్తకుండా మొలిచే ఇలాంటి కూరల విలువ ఏళ్ళ తరబడి చెబుతున్నారు. పట్నంలో మనకు అది చేరడానికి ఇంత కాలం పట్టింది.

ఎరువు విషయానికి వస్తే, నేను తోటకు ఎక్కువగా ఇచ్చేది అదే. మా దుకాణంలో రోజూ కాలీఫ్లవర్ ఆకులు, సొరకాయ తొక్కలు, కొత్తిమీర కాడలు, బఠాణీ పొట్టు బస్తాకు తక్కువ కాకుండా పోగవుతాయి. ఇంతకుముందు అదంతా చెత్త ఆటోలో పోయేది. ఇప్పుడు తోట వెనుక ఉన్న మూడు గుంతలకు వెళుతుంది. తడి చెత్త ఒక వంతుకు ఎండుటాకులు రెండు వంతులు. ఎండుటాకులు తగ్గితే కంపు కొడుతుంది, పక్క ఇంటివాళ్ళు సరిగ్గానే కోప్పడతారు. మా వీధిలో కానుగ చెట్లు వరుసగా ఉన్నాయి, వేసవి ముందు రాలే ఆకును ఊడ్చి తగలబెట్టేవారు. ఇప్పుడు ఆకు బస్తా తెచ్చినవాళ్ళకు రిజిస్టరులో గీత పడుతుంది. గుంతలో వండిన అన్నం, కూర, మాంసం వేయకూడదు. వేస్తే పందికొక్కులు వస్తాయి. ఈ నియమం కఠినంగా పాటిస్తారు, పాటించాలి కూడా. కూరగాయల వ్యర్థం ఎంత విలువైనదో బోయిన్‌పల్లి మార్కెట్టు వాళ్ళు చూపించారు. రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు తీస్తున్న సంగతిని 2021 జనవరిలో ప్రధాని 'మన్ కీ బాత్'లో చెప్పారు. మాది చిన్న గుంత. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు వస్తుంది, ఒక్కో మడికి రెండు తట్టలు పంచుతారు.

పేడ, ఆవు మూత్రం పులియబెట్టి మొక్కలకు పోసే జీవామృతం కూడా చేస్తారు. ప్రకృతి వ్యవసాయం నేర్పే సుభాష్ పాలేకర్ చెప్పిన కొలత ఎకరానికి 200 లీటర్లు. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి, 48 గంటలు నీడలో. 300 గజాలంటే ఎకరంలో పదహారో వంతు. మొదట్లో పెద్ద డ్రమ్ము నిండా చేసి సగం మురుగులో పోశారట. ఇప్పుడు 20 లీటర్ల బకెట్టులో అన్నీ పదో వంతు వేసి చేస్తున్నారు, సరిపోతోంది. పేడ మాత్రం కాలనీలో దొరకదు, పాలు పోసే ఆయన తెచ్చిపెడతాడు.

పురుగుమందులు ఎవరూ కొట్టకూడదు. పేనుబంకకు, తెల్లదోమకు లీటరు నీళ్ళలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి కొడతారు. పిండినల్లి పట్టిన కొమ్మను తుంచి మూట కట్టేస్తారు. వారానికి ఇద్దరు చొప్పున తోటంతా తిరిగి చూస్తారు, వాళ్ళు చెప్పిన మొక్కను అదే రోజు పీకాలి. ఇదే గొడవలకు మూలం. బెండలో పల్లాకు తెగులు వచ్చిందనుకోండి. ఆకు ఈనెలు పసుపుగా మారతాయి, చెట్టు మాత్రం ఇంకా కాస్తూనే ఉంటుంది. కాస్తున్న చెట్టును పీకమంటే ఎవరికి మనసొప్పుతుంది? కానీ తెల్లదోమ ఆ చెట్టు మీద వాలి పక్క మడికి పోతుంది, దానికి ఇటుకల వరుస అడ్డు కాదు. ఒక పెద్దావిడ పీకనంది, మాట పెరిగింది, పది రోజుల్లో నాలుగు మడుల బెండ పోయింది. ఆ తర్వాత సంఘం అందరికీ ఒకే విత్తనం తెచ్చి ఇస్తోంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క అనామిక, ఈ తెగులును తట్టుకునే రకం. కాయ ముదురు ఆకుపచ్చగా, పొడవుగా ఉంటుంది, వేపుడుకు జిగురు తక్కువ. నాకు నచ్చింది.

ఇప్పుడు నీళ్ళు. తగ్గిన ఒక్క మార్కులో సగం ఇక్కడే పోయింది. సంఘం బోరు నుంచి వెయ్యి లీటర్ల ట్యాంకుకు నీళ్ళు వస్తాయి. వానాకాలం, చలికాలం ఇబ్బంది లేదు. మార్చి దాటితే బోరు తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒక్కో మడికి రోజుకు రెండు బిందెల నీళ్ళు కావాలి. మట్టి మీద ఎండుటాకులు మందంగా పరిస్తే ఒకటిన్నరతో గట్టెక్కవచ్చు. నీళ్ళు వదిలేది సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు. ఆ వేళకు ఇంట్లో ఉండేవాళ్ళకు సరే. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు, క్యాబ్ నడిపేవాళ్ళు ఏం చేయాలి? అడిగి అడిగి, జంట మడుల పద్ధతి తెచ్చుకున్నాం. రెండు ఇళ్ళు కలిసి రెండు మడులూ చూసుకుంటాయి. నా జంట ఒక స్టాఫ్ నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఉదయం ఏడుకు ఆమె ట్యాంకు అడుగున మిగిలిన నీళ్ళు పోసి ఇంటికి వెళుతుంది, సాయంత్రం నేను పోస్తాను. ఇది బాగా నడుస్తోంది. నడవనిది చివరి వరుస. మోటారుకు దూరంగా ఉన్న ఆరు మడులకు గొట్టంలో నీళ్ళు సన్నగా వస్తాయి, ముందు వరుసలవాళ్ళు ముగించేదాకా వాళ్ళు నిలబడాలి. బిందు సేద్యం గొట్టాలు వేయమని రెండు వేసవుల నుంచి అడుగుతున్నాం. ఇంకా వేయలేదు. వేయాలి.

కొందరు కుళాయి నీళ్ళు పెట్టుకుందామన్నారు. జలమండలి ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా ఉచితంగా ఇస్తోంది కదా అని. 2021 జనవరిలో మొదలైన పథకం అది. సంఘం ఒప్పుకోలేదు. సరైన పని చేసింది. అంత దూరం నుంచి తోడి, శుద్ధిచేసి పంపిన మంచినీళ్ళను మట్టిలో పోయడానికి నాకు చేతులు రావు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు మా దుకాణం నుంచి రెండు బకెట్లు వస్తాయి, అవి పోస్తాను. నీటి శుద్ధి యంత్రం వదిలే నీళ్ళు మాత్రం రోజూ పోయకండి, ఉప్పు పేరుకుపోతుంది. లేత నారు మీద అసలే వద్దు.

పంపకం ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. సొంత మడిలో కూర సొంతం. పందిరి కాయ ఉమ్మడి. ఆదివారం ఉదయం కోసి, పనికి వచ్చినవాళ్ళందరికీ సమానంగా వాటాలు వేస్తారు. రానివాళ్ళకు వాటా లేదు, జబ్బుపడినవాళ్ళకు, బాలింతలకు మాత్రం ఇంటికి పంపుతారు. మిగిలింది గేటు దగ్గర బుట్టలో పెడతారు, దారిన పోయే ఎవరైనా తీసుకోవచ్చు. అమ్మడం నిషేధం. నేను చేరినప్పుడు ఈ నియమం నా మీదికే వచ్చింది. కర్రీ పాయింట్ ఉన్నామెకు మడి ఇస్తే కూరలన్నీ వ్యాపారానికి పోతాయని ఇద్దరు ముగ్గురు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ అనుమానంలో తప్పు లేదు. అందరూ మోసిన నీళ్ళతో కాసిన కాయను ఒకరు అమ్ముకుంటే తోట ఏడాది నిలవదు. నా మడి కూర గానీ, పందిరి కాయ గానీ దుకాణంలో వండనని అందరి ముందు చెప్పాను. అలాగే చేస్తున్నాను. మా ఆయన గోంగూర పచ్చడి ఇంట్లోనే తింటాడు, దుకాణంలో అమ్మేది రైతుబజారు గోంగూర. తేడా ఆయన చెబుతాడు.

రెండో ఫిర్యాదు అద్దెకుండేవాళ్ళ గురించి. ఇది నా ఫిర్యాదు, గట్టిగానే చెబుతాను. తోట మొదలుపెట్టినప్పుడు సొంత ఇల్లున్నవాళ్ళకే మడులన్నారు. మేము ఇదే కాలనీలో తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాం. చెత్తకు చందా ఇస్తాం, వినాయక చవితికి చందా ఇస్తాం, బతుకమ్మకు ఇంటి ముందు ముగ్గేసి వచ్చేవాళ్ళకు నీళ్ళిస్తాం. మడికి మాత్రం బయటివాళ్ళం! అద్దెవాళ్ళు ఇల్లు మారిపోతే మడి ఎండిపోతుందన్నది వాళ్ళ వాదన. ఆ వేసవిలో ఎండిపోయిన రెండు మడులూ సొంత ఇళ్ళవాళ్ళవే, ఇద్దరూ పిల్లల దగ్గరకు విదేశాలకు వెళ్ళారు. పక్కింటి రిటైర్డ్ టీచరమ్మ తన మడిలో సగం నాకు ఇచ్చారు, "నేను వంగలేను, నువ్వు పండించు, నాకు ఇంత కూర పెట్టు" అన్నారు. ఆ సగం మడి చూసి సంఘంలో మాట మారింది. ఇప్పుడు కాలనీలో ఆరు నెలలు ఉన్న ఎవరికైనా మడి ఇస్తున్నారు. కానీ అద్దెవాళ్ళ దగ్గర 3,000 డిపాజిట్ తీసుకుంటున్నారు, ఇల్లు మారేటప్పుడు తిరిగి ఇస్తారట. సొంత ఇళ్ళవాళ్ళకు డిపాజిట్ లేదు. ఈ తేడా తీసేయాలి. ఎండబెట్టిన మడిని ఎవరిదైనా సరే నెల రోజుల గడువిచ్చి వెనక్కి తీసుకునే నియమం పెడితే సరిపోతుంది. తీసేసిన రోజున ఐదో మార్కులో సగం ఇచ్చేస్తాను. మిగతా సగం చివరి వరుసకు నీళ్ళు వచ్చినప్పుడు.

నెలకు 200 రూపాయలు చందా. కరెంటు, ఎరువు, విత్తనాలు, వాచ్‌మన్ భార్య జీతంలో తోట భాగం అందులోంచే. లెక్కలు ప్రతి నెలా గేటు మీద అంటిస్తారు. డబ్బు ఆదా అవుతుందని చేరితే నిరాశపడతారు. ఆ 200కు రైతుబజారులో ఆకుకూర కట్టలు చాలానే వస్తాయి. కోసిన గంటలో వండుకోవాలన్న కోరిక ఉంటే చేరండి. పక్కింటివాళ్ళ పేరు తెలియకుండా ఏళ్ళు గడుపుతున్నామని బాధగా ఉంటే చేరండి. మా వరుసలో తమిళ కుటుంబం ఉంది, బిహార్ నుంచి వచ్చిన టైల్స్ మేస్త్రి కుటుంబం ఉంది. మేస్త్రి భార్య సొరకాయ ఆకులతో కూర చేస్తుంది. ఆకు కూడా వండుకోవచ్చని మాకెవరికీ తెలియదు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఒక మాట. అడుగు ఎత్తు మడి కూడా వంగకుండా కుదరదు. గేటు పక్కన రెండు మడులను నడుము ఎత్తు బల్లల మీద సంచుల్లో పెట్టారు, అవి అడగండి. మిద్దె మీద పెట్టుకుందామనుకునేవాళ్ళు ముందు ఇంజనీరును అడగండి. అడుగు మందం తడిమట్టి చదరపు మీటరుకు అర టన్ను దాకా తూగుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు సాధారణంగా లెక్కలోకి తీసుకునే అదనపు బరువు 150 కిలోలే.

మృగశిర కార్తెకు ముందు మూడు మడులు ఖాళీ అవుతున్నాయి. రెండు చివరి వరుసలోవి, ఒకటి పందిరి పక్కది. పందిరి పక్కదానికి మధ్యాహ్నం తర్వాత నీడ పడుతుంది, వేసవిలో కొత్తిమీర, పుదీనాకు అదే మంచిది, బెండకు పనికిరాదు. పేరివ్వాలనుకునేవాళ్ళు ఆదివారం ఉదయం ఎనిమిది లోపు తోట దగ్గరికే రండి. ఎనిమిది దాటితే అందరూ కూరలు పట్టుకుని ఇళ్ళకు వెళ్ళిపోతారు. వంగ, మిరప నారు తోటలోనే పోస్తున్నారు, కొనుక్కుని రానవసరం లేదు. రెండు బిందెలు, ఎండుటాకులకు ఒక గోనెసంచి ఉంటే చాలు.